చుక్కకు అరలీటరు గాలి

బజాజ్ చేతక్ నడిపినవాళ్లకు చలికాలపు పొద్దుటి తంతు గుర్తుండే ఉంటుంది. పెట్రోలు కాక్ తిప్పడం, చోక్ లాగడం, బండిని ఓ పక్కకు వంచి మళ్లీ నిలబెట్టడం, ఆ తర్వాత కిక్కు. రెండో కిక్కుకు దగ్గుతుంది, నాలుగో కిక్కుకు అందుకుంటుంది. అందుకున్నాక చోక్ వెనక్కి తొయ్యడం మరిచిపోయామా, రెండు వీధులు దాటేసరికి ప్లగ్గు తడిసి బండి మొరాయించేది. చోక్ ఎంతసేపు లాగి ఉంచాలన్న విషయంలో మా నాన్నకూ బాబాయికీ ఏనాడూ మాట కలవలేదు.

ఇప్పటి బండ్లకు ఆ తంతు లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 నిబంధనలు అమల్లోకి వచ్చాక మన దేశంలో కొత్త మోటారు సైకిళ్ల మీద కార్బ్యురేటర్ దాదాపుగా కనుమరుగైంది. బుల్లెట్టుకు కూడా ఇంజెక్షనే. బటన్ నొక్కితే చాలు. కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ రావడం మంచిదేనని ఏ మెకానిక్కునడిగినా ఒప్పుకుంటాడు, కాస్త గొణిగినా సరే.

మరి ఈ చిక్కుముడి చూడండి. 1978 నుంచి 1983 వరకు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో తయారైన పోర్షే 911 ఎస్‌సీ అనే స్పోర్ట్స్ కారు ఉంది. దానికి పుట్టుకతోనే ఇంజెక్షన్. కార్బ్యురేటర్ ముఖమే ఎరగదు. అయినా అమెరికాలోనూ యూరప్‌లోనూ ఆ కారును ప్రాణంగా చూసుకునే కొందరు ఉన్న ఇంజెక్షన్‌ను మొత్తం ఊడదీసి, అక్కడ ఇంకో ఇంజెక్షన్ బిగించుకుంటారు. శని, ఆదివారాలు గ్యారేజీలోనే గడిచిపోతాయి. ఖర్చు చెబితే ఇంట్లో గొడవ. ఇంజెక్షన్ తీసి ఇంజెక్షన్ పెట్టడమేమిటి?

పెట్రోలు సంగతి కాసేపు పక్కనపెట్టి గాలి గురించి మాట్లాడుకుంటే ఈ ముడి విడుతుంది.

పెట్రోలు తేలిక, గాలి కష్టం

911 ఎస్‌సీ ఇంజను పరిమాణం 2994 సీసీ. సిలిండర్లు ఆరు. అంటే ఒక్కో సిలిండరు నిండా ఊపిరి పీలిస్తే అరలీటరు గాలి లోపలికి వెళ్తుంది. ఆ గాలి బరువు సుమారు 0.6 గ్రాములు. పెట్రోలు మిగలకుండా, గాలీ మిగలకుండా కాలాలంటే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, బరువులో. లెక్క వేస్తే అరలీటరు గాలికి పట్టే పెట్రోలు 0.04 గ్రాములు. కంటికి మందు వేసుకుంటే పడేంత, ఒక్క చుక్క.

ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో సిలిండరు సెకనుకు 50 సార్లు గాలి పీలుస్తుంది. ఆరు సిలిండర్లకూ కలిపి సెకనుకు 300 చుక్కలు. కాలు పూర్తిగా నొక్కి ఉంచితే నిమిషానికి దాదాపు లీటరు. ఐడ్లింగ్‌లో మాత్రం ఒక్కోసారికి పావు చుక్కో, అంతకన్నా తక్కువో.

పెట్రోలును కొలవడం పెద్ద పని కాదు. అది ద్రవం. ఫలానా ఒత్తిడితో ఫలానా కన్నం గుండా పంపితే ఇంత వస్తుందని ముందే చెప్పొచ్చు. గాలితోనే చిక్కు. చలికి దగ్గరవుతుంది, ఎండకు వ్యాకోచిస్తుంది, కొండెక్కితే పలచబడుతుంది. పైగా తోలేవాడి కాలు క్షణానికోలా ఆడుతుంది. 'ఇప్పుడు లోపలికి గాలి ఎంత వెళ్లింది?' అన్న ఒక్క ప్రశ్నకు నూరేళ్లుగా ఇంజనీర్లు చెబుతూ వచ్చిన రకరకాల జవాబులే కార్బ్యురేటరూ, ఇంజెక్షన్లూ అన్నీ.

జవాబు తప్పితే ఏమవుతుంది? పెట్రోలు ఎక్కువైతే, అంటే మిక్చర్ రిచ్ అయితే, నల్లపొగ, మసిబారిన ప్లగ్గులు, సిలిండరు గోడల మీది ఆయిలు కడుక్కుపోవడం. తక్కువైతే, అంటే లీన్ అయితే, ఇంకా ప్రమాదం. వేడి పెరుగుతుంది. ఈ 911ను చల్లార్చేది నీళ్లు కావు, గాలీ ఆయిలూనే. నిండు లోడు మీద లీన్ మిక్చర్‌తో గట్టిగా తోలితే పిస్టన్లకే చేటు. అందుకే పూర్తి పవరు కావలసినప్పుడు 14.7 కాకుండా 12.5, 13 దగ్గర, కొంచెం రిచ్‌గానే ఉంచుతారు.

ఉక్కులో చెక్కిన ఎక్కాల పుస్తకం

ఒక టిఫిన్ హోటలు ఊహించుకోండి. ఇడ్లీలు ఎన్ని వెయ్యాలో వంట మాస్టరు తేల్చుకోవాలి. లోపల పొయ్యి దగ్గర ఉన్న అతనికి హాల్లో ఎంతమంది ఉన్నారో కనిపించదు. ఏళ్ల అనుభవంతో గోడ మీద ఒక పట్టిక రాసి పెట్టుకున్నాడు: ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఇన్ని, మంగళవారం పదకొండింటికి ఇన్ని. వారం, వేళ తెలిస్తే చాలు, లెక్క తేలిపోతుంది.

1969 మోడల్ 911ఈ, 911ఎస్ కార్లలో బాష్ కంపెనీ మెకానికల్ ఇంజెక్షన్ పంపు చేసింది అచ్చంగా ఇదే. ఆ పంపు లోపల ఎగుడుదిగుడుగా చెక్కిన ఒక చిన్న ఉక్కు ముద్ద ఉంటుంది. దాని ఒంటి మీద కొండలూ లోయలూ. యాక్సిలరేటర్ తొక్కితే అది ఒక దిశలో కదులుతుంది. ఇంజను వేగం పెరిగితే, తిరిగే బరువులు విచ్చుకుని దాన్ని ఇంకో దిశలో కదుపుతాయి. బ్రెయిలీ చదివే వేలిలా ఒక మీట దాన్ని తాకుతూ ఉంటుంది. ఆ చోట ఉక్కు ఎంత ఎత్తుంటే దాన్నిబట్టి పెట్రోలు. కాలు ఇంత, వేగం ఇంత, కాబట్టి గాలి ఇంత వచ్చి ఉండాలి అని అంచనా. గాలిని అది ఎక్కడా కొలవదు. మాస్టరు గోడ మీద రాసుకున్న పట్టికనే ఇక్కడ ఉక్కులో చెక్కారు.

అంచనా బాగా కుదిరినప్పుడు ఆ ఇంజన్ల స్పందన అద్భుతమని వాటిని తోలినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కానీ హోటలు పక్కన కొత్తగా కాలేజీ వెలిస్తే గోడ మీది పట్టిక ఎందుకూ పనికిరాదు. ఇంజను లోపలి భాగాలు మారిస్తే ఉక్కు ముద్ద పరిస్థితీ అంతే. దాన్ని చెరిపి మళ్లీ రాయలేం. పైగా పొగ మీద ఆంక్షలు బిగుస్తున్న అమెరికాకు ఈ అంచనాలు చాలలేదు.

గుమ్మం దగ్గర కూర్చున్న పళ్లెం

1973 మోడల్ మధ్యలో, అమెరికాకు వెళ్లే 911టీ కార్లలోకి బాష్ వాళ్లదే మరో పద్ధతి వచ్చింది: కె-జెట్రానిక్. 'కె' అంటే జర్మన్‌లో ఎడతెగకుండా అని అర్థమిచ్చే మాటకు మొదటి అక్షరం. 911 ఎస్‌సీ చివరిదాకా ఇదే వాడింది.

దీని ఉపాయం ఎంత తేలికగా ఉంటుందంటే, మొదటిసారి విన్నప్పుడు ఇంతేనా అనిపిస్తుంది. గరాటు లాంటి ఒక దారిలో గుండ్రటి పళ్లెం ఉంటుంది, తక్కెడ కాడకు ఒక చివర వేలాడదీసినట్టు. ఇంజను పీల్చే గాలంతా ఆ పళ్లేన్ని నెట్టుకునే లోపలికి పోవాలి. గాలి ఎక్కువైతే పళ్లెం ఎక్కువ లేస్తుంది. పళ్లెం లేస్తే ఆ కాడే ఒక సన్నటి ఉక్కు కడ్డీని పైకి నెడుతుంది. ఆ కడ్డీ చుట్టూ ఆరు చీలికలు, ఒక్కోటి మిల్లీమీటరులో అయిదో వంతు వెడల్పు. కడ్డీ ఎంత లేస్తే చీలిక అంత తెరుచుకుంటుంది, అంత పెట్రోలు ఒక్కో సిలిండరుకూ పోతుంది. ఇంజెక్టర్లు తెరుచుకుని మూసుకునే పనేమీ పెట్టుకోవు. ఇంజను తిరుగుతున్నంతసేపూ చిలకరిస్తూనే ఉంటాయి. వాల్వు మూసి ఉన్నప్పుడు వచ్చిన పెట్రోలు దాని వెనకాల కాచుకుని ఉండి, తెరుచుకోగానే లోపలికి దూకుతుంది.

హోటలు భాషలో చెప్పాలంటే, గోడ మీది పట్టిక తీసేసి గుమ్మం దగ్గర మనిషిని కూర్చోబెట్టారు. వచ్చేవాళ్లను లెక్కపెట్టడం అతని పని.

మరి చోక్? ఆ కడ్డీ నెత్తిన కొంత పెట్రోలు ఒత్తిడి పెట్టి, పళ్లెం మరీ తేలికగా లేవకుండా ఆపుతారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రెండు లోహాల పట్టీ ఒకటి వంగి ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది. అప్పుడు అదే గాలికి పళ్లెం ఇంకొంచెం పైకి లేస్తుంది, పెట్రోలు ఎక్కువ పడుతుంది. కరెంటుతో పట్టీ వేడెక్కేకొద్దీ మామూలు స్థితికి వస్తుంది. నాన్నా బాబాయీ తేల్చుకోలేకపోయిన సంగతిని చిన్న లోహపు పట్టీ తేల్చేసింది.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఆ గరాటు గోడ. దాని వాలు అంతటా ఒకేలా ఉండదు. ఐడ్లింగ్ దగ్గర ఒక వాలు, మామూలు ప్రయాణంలో ఇంకొకటి, నిండు పవరు దగ్గర మరొకటి. ఎక్కడ రిచ్‌గా ఉండాలో ఎక్కడ పొదుపుగా ఉండాలో ఇంజనీర్లు ఆ గోడ వంపులోనే రాసిపెట్టారు. కంప్యూటరు లేదు. అయినా ప్రోగ్రాము ఉంది!

పళ్లేన్ని మోసం చేసే గాలి

ఇంత చక్కటి యంత్రాన్ని ఎందుకు పీకేస్తారు? చాలాసార్లు తప్పు దానిది కాదు. నలభై ఏళ్ల వయసుది.

పళ్లెం దాటిన తర్వాత ఎక్కడైనా చిల్లి ఉంటే గాలి దొడ్డిదారిన లోపలికి వస్తుంది, లెక్కకు రాదు. రబ్బరు గొట్టాలు బిర్రబిగిసి పగులుతాయి, సీళ్లు ఎండుతాయి. ఈ ఇంజనులో ఆయిలు ట్యాంకు గాలి కూడా ఇన్‌టేకులోకే కలిసేలా అమర్చారు. దానివల్ల ఒక సులువైన పరీక్ష దొరికింది: ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిలు మూత తీయండి. ఇంజను తడబడితే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఏమీ పట్టనట్టు అలాగే తిరుగుతుంటే, దొంగగాలి అప్పటికే ఎక్కడినుంచో వస్తోందన్నమాట.

రెండోది తుప్పు. నెలల తరబడి కదలని కారులో పెట్రోలు పాతబడి జిగురు కడుతుంది, తేమ చేరుతుంది. వెంట్రుక సందుల్లో కదిలే ఉక్కు కడ్డీకి అదే చాలు, బిగుసుకుపోవడానికి.

మూడోది కొంచెం నాటకీయం. చల్లటి ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు మిక్చర్ సరిగా లేక మంట వెనక్కి తన్నితే, ఇన్‌టేకు మీద ఉండే ప్లాస్టిక్ గాలిపెట్టె ఢామ్మని పగులుతుంది. ఇది ఎంత మామూలు సంగతంటే, ఒత్తిడి పెరగ్గానే తెరుచుకునే చిన్న మూత ఒకటి కొని ఆ పెట్టెకు అమర్చుకోవడం ఈ కార్ల లోకంలో ఆచారమైపోయింది. ప్రెషర్ కుక్కరుకు సేఫ్టీ వాల్వు ఉన్నట్టే.

నాలుగోది కొండ. ఎత్తుకు పోతే గాలి పలచన. పళ్లెం దాన్ని గమనిస్తుంది గానీ సగమే గమనిస్తుంది. నెట్టే బలం గాలి సాంద్రత మీద ఒక్కదాని మీదే కాక వేగం మీద కూడా ఆధారపడుతుంది కనక, గాలి బరువు పదిహేను శాతం తగ్గితే పళ్లేనికి ఏడెనిమిది శాతమే తగ్గినట్టు తోస్తుంది. సముద్రానికి 1600 మీటర్ల ఎత్తునున్న డెన్వర్ లాంటి ఊళ్లో, విడిగా సవరింపు లేకపోతే, కారు కాస్త రిచ్‌గా నడుస్తుంది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. మరమ్మతుతో పోయేవి చాలా ఉన్నాయి. పీకి పారేయక తప్పని పరిస్థితి వేరే ఉంది.

ఎక్కువ పవరు కావాలనుకునేవాళ్లు క్యామ్‌షాఫ్టులు మారుస్తారు. కొత్త క్యాములు వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచుతాయి. పొగ బయటికి పోయే వాల్వూ గాలి లోపలికి వచ్చే వాల్వూ రెండూ కాసేపు ఒకేసారి తెరుచుకునే ఉంటాయి. అధిక వేగంలో ఇది లాభమే. తక్కువ వేగంలో మాత్రం లోపలి ఒత్తిడి గాలిని వెనక్కి తన్నుతుంది. గాలి లోపలికీ బయటికీ ఊగుతుంది. పాపం పళ్లెం దాంతోపాటు తలాడిస్తుంది. గుమ్మం దగ్గర కూర్చున్నవాడికి మనుషులు లోపలికీ బయటికీ తిరుగుతుంటే ఎవరిని ఎన్నిసార్లు లెక్కపెట్టాడో తెలియనట్టే. పెట్రోలు తప్పుతుంది, ఐడ్లింగ్ గుర్రంలా గెంతుతుంది. ఇక్కడ పళ్లేన్ని ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. లెక్కపెట్టే పద్ధతే మారాలి.

బాక్స్: ఏది పోతుంది, ఏది వస్తుంది

పళ్లెం, గరాటు, చీలికల కడ్డీ ఉన్న పెట్రోలు పంపకం దిమ్మ, రెండు లోహాల పట్టీ, ఎడతెగకుండా చిలకరించే ఇంజెక్టర్లు, చల్లటి స్టార్టుకోసం ఉన్న విడి ఇంజెక్టరు, ఇవన్నీ పోతాయి. వాటి బదులు కరెంటుతో తెరుచుకునే ఆరు ఇంజెక్టర్లు, వాటికి పెట్రోలు అందించే గొట్టాలు, ఇంజను చక్రం ఎంత తిరిగిందో చెప్పే పళ్ల చక్రం, గాలి వేడి చెప్పే సెన్సారు, ఇంజను వేడి చెప్పే సెన్సారు (నీళ్లు లేని ఇంజను కాబట్టి దీన్ని సిలిండరు హెడ్ మీదో ఆయిలులోనో పెడతారు), కాలు ఎంత నొక్కిందో చెప్పే సెన్సారు, పొగను రుచి చూసే సెన్సారు, వీటన్నిటి మాటా వినే ఒక చిన్న కంప్యూటరు వస్తాయి. పాత పద్ధతిలో పెట్రోలు ఒత్తిడి దాదాపు 5 బార్. కొత్తదానికి 3 బార్ చుట్టుపక్కల సరిపోతుంది. ఒక్క హెచ్చరిక: పాత 911లో పళ్లెం లేస్తేనే పంపు తిరిగేలా స్విచ్చు ఉండేది, గుద్దుకున్నప్పుడు ఇంజను ఆగితే పంపూ ఆగడానికి. పళ్లేన్ని తీసేసినవాళ్లు ఆ కాపలా పనిని కంప్యూటరుకు అప్పజెప్పడం మరిచిపోకూడదు.

జపమాల తిప్పే చక్రం

కొత్త ఇంజెక్టరు ఒక కుళాయి. రెండే స్థితులు: తెరిచి ఉండటం, మూసి ఉండటం. ఎంతసేపు తెరిస్తే అంత పెట్రోలు. ఐడ్లింగ్‌లో అది తెరుచుకుని ఉండేది సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో. ఎప్పుడు తెరవాలో తెలియాలంటే ఇంజను ఎక్కడిదాకా తిరిగిందో తెలియాలి.

దానికోసం అమర్చే చక్రానికి సాధారణంగా 60 పళ్లకు చోటుంటుంది. రెండు పళ్లు కావాలనే కోసేస్తారు. జపమాలలో మేరుపూస వేలికి తగలగానే ఒక చుట్టు పూర్తయిందని కళ్లు మూసుకుని ఉన్నా తెలిసిపోతుంది కదా. సెన్సారు ముందు నుంచి పళ్లు వరసగా పోతూపోతూ ఒక్కచోట ఖాళీ వస్తుంది. కంప్యూటరుకు అదే మేరుపూస.

గాలి సంగతి మాత్రం ఇంకా మిగిలే ఉంది. పళ్లెం పోయింది, మరి ఎవరు లెక్కపెట్టాలి?

ఒక దారి, ఇన్‌టేకు గొట్టంలో గాలి ఒత్తిడి చూడటం. హాలు ఎంత కిక్కిరిసి ఉందో చూసి ఇడ్లీలు వెయ్యడం లాంటిది. ఒత్తిడి, ఉష్ణోగ్రత, ఇంజను వేగం, ఈ మూడూ తెలిస్తే సిలిండరులోకి వెళ్లే గాలిని లెక్కకట్టొచ్చు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, 1967లోనే ఫోక్స్‌వ్యాగన్ 1600లో బాష్ వాళ్ల డి-జెట్రానిక్‌గా వచ్చింది. కంప్యూటరు మాత్రం అప్పట్లో కొన్ని వందల విడి భాగాలు అతికించిన పెట్టె. ఒక గొట్టం, ఒక పెద్ద గాలిపెట్టె ఉన్న ఇంజనుకు, అంటే ఉదాహరణకు తరువాతి మోడల్ కరెరా 3.2 ఇన్‌టేకును తెచ్చి ఎస్‌సీకి బిగించినవాళ్లకు, ఈ దారి చక్కగా కుదురుతుంది.

కానీ క్యాములు మార్చినవాళ్లలో చాలామంది అక్కడితో ఆగరు. ఆరు సిలిండర్లకూ ఆరు విడివిడి గాలి తలుపులు పెట్టుకుంటారు. కాలు తాకగానే ఇంజను కేక వేస్తుంది, ఆ పికప్ కోసమే ఇదంతా. తలుపులు ఆరైతే ఒత్తిడి సెన్సారుకు కష్టమొస్తుంది. తలుపు కొంచెం తెరిస్తేనే ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి దగ్గరవుతుంది. ఆ తర్వాత ఎంత తెరిచినా పెద్దగా తేడా కనపడదు. పైగా ఒక్కో సిలిండరు పీల్పుకీ ముల్లు ఎగిరెగిరి పడుతుంది. హాలు బదులు ఆరు చిన్న గదులైతే, ఒక్కో గదీ క్షణంలో నిండి క్షణంలో ఖాళీ అవుతుంటే, తొంగిచూసి ఏం చెబుతాం?

అప్పుడేం చేస్తారు? కాలు ఎంత నొక్కింది, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోంది, ఈ రెండూ చూసి ఒక పట్టికలోంచి అంకె తీస్తారు. 16 అడ్డం, 16 నిలువు, 256 గడులు.

గుర్తుపట్టారు కదూ. ఇది 1969 నాటి ఉక్కు ముద్దే! అవే రెండు ప్రశ్నలు, అదే అంచనా. కొండలూ లోయలూ ఇప్పుడు అంకెలయ్యాయి, అంతే. ల్యాప్‌టాప్ తెర మీద ఆ 256 గడులనూ కొండల బొమ్మగా గీయించి చూస్తే, పాత పంపు లోపలి ఉక్కు ముద్ద రూపం గుర్తుకు రాక మానదు. ఒక్కటే తేడా, అదే అసలు తేడా: ఈ ముద్దను చెరిపి మళ్లీ చెక్కొచ్చు, కారు నడుస్తుండగానే.

విస్తళ్లు చూసి వండటం

చెరిపి ఏం రాయాలో ఎవరు చెబుతారు? హోటల్లో ఇడ్లీలు సరిపోయాయో లేదో తెలుసుకోవడానికి ఇంకో చోటు ఉంది. తిన్నాక విస్తళ్లు పడేసే చోటు. విస్తట్లో మిగిలితే ఎక్కువ వండినట్టు, నాకి పెట్టి ఉంటే తక్కువైనట్టు.

ఇంజనుకు ఆ చోటు సైలెన్సరు గొట్టం. అక్కడ బిగించే ఆక్సిజన్ సెన్సారు కాలిన పొగలో ఏం మిగిలిందో చూస్తుంది. అమెరికాకు వెళ్లిన 911 ఎస్‌సీలకు 1980 నుంచే ఒకటి ఉండేది. అయితే ఆ పాత రకం సెన్సారు కూరలో ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో మాత్రమే చెప్పగలదు. ఎంత ఎక్కువో చెప్పలేదు. ఇప్పటి వైడ్‌బ్యాండ్ రకం 12.6 అనో 15.1 అనో కచ్చితంగా అంకె చెబుతుంది. పాత కారుకు కొత్త ఇంజెక్షన్ అన్నది మామూలు మనిషి గ్యారేజీలోకి వచ్చిందంటే సగం పుణ్యం ఈ సెన్సారుది. మిగతా సగం, అమెరికాలో బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు రూపొందించిన మెగాస్క్విర్ట్ లాంటి, సొంతంగా అతికించుకోగల చవక కంప్యూటర్లది.

ట్యూనింగ్ అంటే కారు తోలుతూ, పొగ ఏం చెబుతోందో చూస్తూ, గడి తర్వాత గడి సరిచెయ్యడం. తోలేది ఒకరు, పక్క సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది ఒకరు. ఎత్తు రోడ్డు మీద మూడో గేరులో ఇంత వేగం దగ్గర నిలబెట్టమని పక్కవాడంటాడు, వెనకాల లారీ హారన్ కొడుతుంటుంది.

అంకెలు అన్నీ కుదిరినా రెండు చోట్ల తికమక వస్తుంది. ఒకటి, మొదటి అట్టు సంగతి. పెనం మీద మొదటి అట్టు ఎప్పుడూ పెనానికే పోతుంది. కాలు ఒక్కసారిగా నొక్కినప్పుడు చల్లిన పెట్రోలులో కొంత ఇన్‌టేకు గోడలకు అంటుకుంటుంది, సిలిండరుకు చేరదు. ఇంజను ఒక్క క్షణం ఉక్కిరిబిక్కిరవుతుంది. కాబట్టి కాలు ఎంత విసురుగా కదిలిందో చూసి, పెనానికి పోయేదాన్ని లెక్కేసి కొంచెం ఎక్కువ చల్లమని కంప్యూటరుకు చెప్పాలి. రెండోది బ్యాటరీ. ఇంజెక్టరుకు కరెంటు అందగానే అది తెరుచుకోదు, సుమారు వెయ్యో వంతు సెకను పడుతుంది. హెడ్‌లైట్లు, వైపరు, ఫ్యాను అన్నీ వేసి ఓల్టేజీ పడిపోతే ఇంకాస్త ఆలస్యం. తెరిచి ఉంచేదే సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో అయినప్పుడు ఆ కాస్తా చిన్నది కాదు. రాత్రి లైట్లు వెయ్యగానే ఐడ్లింగ్ నీరసిస్తోందంటే లోపం పెట్రోలులో వెతకనక్కర్లేదు.

బాక్స్: ఈ20 పోస్తే?

మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఉంటుంది, అందుకని దానికి బయటి గాలి తక్కువ చాలు: ఒక పాలుకు 9 పాళ్లు. కలిపితే 14.7 కాస్తా 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అదే గాలికి బరువులో దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ పెట్రోలు పోయాలి. గరాటు గోడ వంపు 1970ల పెట్రోలుకు చెక్కింది, దానికి ఈ సంగతి తెలియదు. సెన్సారు లేని కె-జెట్రానిక్ కారు ఈ పెట్రోలుతో లీన్ అవుతుంది. చేత్తో మిక్చర్ స్క్రూ తిప్పి సరిచేసుకోవాలి. కొత్త కంప్యూటరుకైతే పట్టిక అంకెలన్నీ ఒకేసారి పెంచితే సరి. ఇథనాల్ తేమను పీల్చుకోవడం, పాత రబ్బరు గొట్టాలను పాడుచెయ్యడం మాత్రం ఏ కంప్యూటరూ ఆపలేదు. గొట్టాలు మార్చాల్సిందే.

చట్టం అడిగే ప్రశ్న

ఇంజను ఒప్పుకున్నా సర్కారు ఒప్పుకోవాలి. మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియాలో 1976, ఆ తరువాతి మోడల్ పెట్రోలు కార్లకు పొగ పరీక్ష ఉంటుంది. 1975, అంతకుముందువాటికి లేదు. 911 ఎస్‌సీ అన్నీ గీతకు ఇవతలే పడ్డాయి. పొగ ఎంత శుభ్రంగా ఉన్నా సరే, కారుతో వచ్చిన పరికరం స్థానంలో రాష్ట్రపు అనుమతి నంబరు లేని ఇంజెక్షన్ కనిపిస్తే పరీక్ష తప్పినట్టే. సొంతంగా ట్యూన్ చేసిన ఇంజను ఫ్యాక్టరీ ఇంజను కన్నా శుభ్రమైన పొగ వదులుతూ ఫెయిలయ్యే వింత అక్కడ సాధ్యమే. జర్మనీలో ఇంకో లెక్క. 30 ఏళ్లు దాటి, అసలు రూపం నిలుపుకున్న కార్లకు నంబరు చివర 'హెచ్' అక్షరమిచ్చి పన్ను రాయితీ ఇస్తారు. ఆ కాలానికి చెందని మార్పులు చేస్తే ఆ అక్షరానికి ఎసరు. అందుకే తెలివైనవాళ్లు ఊడదీసిన పళ్లెం, గరాటు, దిమ్మ అన్నీ మూతులు మూసి, ఆయిలు రాసి, అటక మీద దాచుకుంటారు. రేపు కారు కొనేవాడు మొదట అడిగేది వాటినే.

నన్నడిగితే, క్యాములు ముట్టుకోని మామూలు ఎస్‌సీకి ఈ పని అక్కర్లేదు. పవరు పెద్దగా పెరగదు. గొట్టాలూ సీళ్లూ మార్చి, ఒత్తిళ్లు గేజీ పెట్టి చూసి సరిచేస్తే ఆ పళ్లెం ఇంకో ఇరవై ఏళ్లు తూకం వేస్తుంది. కె-జెట్రానిక్ చెడ్డదని తిట్టేవాళ్లలో గేజీ పెట్టి చూసినవాళ్లు తక్కువ. ఇంజను విప్పి క్యాములు మార్చినవాళ్లకు మాత్రం వేరే దారి లేదు.

వాళ్లకు ఆఖరున మిగిలేది చల్లటి స్టార్టు. రోడ్డు మీద 256 గడులూ రెండు మూడు రోజుల్లో కుదిరిపోవచ్చు. చలిలో తాళం తిప్పగానే ఎంత పెట్రోలు ఎక్కువ ఇవ్వాలో, ఇంజను వేడెక్కేకొద్దీ దాన్ని ఎంత త్వరగా తగ్గించాలో చెప్పే వరస మాత్రం విడిగా ఉంటుంది. దాన్ని సరిచూడాలంటే ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. ఒకసారి అందుకుందా, వేడెక్కిపోతుంది. ఆ రోజుకు పరీక్ష అయిపోయినట్టే. కాబట్టి ఇంట్లో ఎవరూ లేవకముందే స్వెటరు వేసుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని గ్యారేజీలోకి వెళ్లాలి. తాళం తిప్పితే రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. సున్నా డిగ్రీల గడిలో అంకె నాలుగు పెంచి, తలుపు వేసి, మళ్లీ రేపు పొద్దున్నే రావాలి.